డబ్బాలో ఒడిబియ్యం

సిద్దిపేటలో స్టీలు సామాన్ల జగదీశ్వర్ ఎక్కడుంటాడని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపించేవాళ్ళు. టూరింగు జగదీశ్వర్ అంటే మాత్రం దుకాణం మెట్ల దాకా వచ్చి దింపి వెళ్ళేవాళ్ళు. ఆ పేరు ఆయనకు టూర్లు తిరిగినందుకు రాలేదు. తిరుగుతానని చెప్పినందుకు వచ్చింది.

దుకాణంలో దేవుళ్ళ పటాల పక్కనే భారతదేశం పటం ఒకటి వేలాడేది. దాని మీద సిద్దిపేట నుంచి కాశ్మీరు దాకా ఎర్ర పెన్సిలు గీత. ఆ గీత మీద ఆయన నిజంగా వెళ్ళింది రామాయంపేట వరకే. అక్కడ వాన పట్టుకుంటే హోటల్లో కూర్చుని మిరపకాయ బజ్జీలు తిని, వాన వెలిశాక ఇంటికి తిరిగొచ్చాడు. ఈ సంగతి ఎవరో కూపీ లాగి బయటపెట్టింది కాదు. ఆయనే చెప్పేవాడు.

"కాశ్మీరు రోడ్డు మంచిగనే ఉన్నదన్నా. రామాయంపేట దాకైతే నేను గ్యారంటీ ఇస్త. ఆ తర్వాతది నెహ్రూగారికే తెల్వాలె."

తనను తాను వెక్కిరించుకోవడంలో ఒక సుఖం ఉంది. ఎదుటివాడికి పని మిగలదు. జగదీశ్వర్ ఆ సుఖానికి బాగా అలవాటు పడ్డాడు. గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ మరో రెండు చెంచాలు ఎక్కువ కొనేవాళ్ళు కాబట్టి దాని వల్ల దుకాణానికీ నష్టం లేదు.

బండి మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన పాత బుల్లెట్టు. కాశ్మీరు వెళ్ళేవాడికి సామాను పెట్టుకోవడానికి బండికి రెండు వైపులా డబ్బాలుండాలని ఆయన ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశాడు. ఆ బొమ్మ కత్తిరించి తీసుకుపోయి రాజమల్లయ్యకు ఇచ్చాడు. తప్పంతా అక్కడే జరిగింది.

రాజమల్లయ్య బీరువాలు చేసేవాడు. బీరువాలు తప్ప ఇంకేం చేసేవాడు కాదు. ఎవరైనా ఇనుప మంచం చేయమంటే పడుకోబెట్టిన బీరువాకు నాలుగు కాళ్ళు పెట్టినట్టు చేసేవాడు. కోళ్ళగూడు చేయమంటే లోపల అరలు పెట్టేవాడు. జగదీశ్వర్ ఇచ్చిన బొమ్మను అతను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అంటే చిన్న బీరువాలు. రెండు. బండికి."

"బీరువాలు కాదు మల్లన్నా, డబ్బాలు. టూరింగు డబ్బాలు."

"గదే కద నేన్జెప్తున్నది. గడియ మంచిది పెడ్త. దొంగోడు తలకాయ కొట్టుకోవాలె."

పెట్టాడు. పెళ్ళికూతురి బీరువాకు పెట్టే గడియనే కుదించి పెట్టాడు. పిడి తిప్పితే లోపల రెండు ఊచలు, ఒకటి పైకి ఒకటి కిందికి, జరగాలి. జరిగితే తలుపు తెరుచుకుంటుంది. గోడకు ఆనుకుని, గుళ్ళో విగ్రహంలా కదలక మెదలక ఉండే బీరువాకు అది బాగానే ఉంటుంది. గుంతల రోడ్డు మీద గంతులేసే బండికి, దుమ్మూ వానా తినే డబ్బాకు అది ఎందుకు పనికొస్తుందని రాజమల్లయ్యా ఆలోచించలేదు, చదువుకున్నవాడైన జగదీశ్వరూ ఆలోచించలేదు. వాన నీళ్ళు లోపలికి పోతే బయటికి రావడానికని డబ్బా అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రం మాత్రం పెట్టించాడు. పెట్టించిన మర్నాడే దుమ్ము వస్తోందని సైకిలు ట్యూబు ముక్క చుట్టి దాన్ని మూసేశాడు.

ఎడమ డబ్బా పెద్దమనిషి. కాస్త మూలిగినా తెరుచుకునేది. కుడి డబ్బాకు మాత్రం బుద్ధి పుట్టాలి. దాన్ని తెరిచే పద్ధతిని జగదీశ్వర్ ఒక పూజావిధానంలా తయారు చేసుకున్నాడు. ముందు ఎడమ మోకాలితో తలుపును నొక్కాలి. పిడిని కొంచెం పైకి లేపి తిప్పాలి. తిప్పుతూ తిప్పుతూ అరచేత్తో డబ్బా నెత్తి మీద చరచాలి. ఒక్కోసారి ఆఖర్న తిట్టాలి కూడా. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడేవాళ్ళు.

"ఇయాల వస్తదా, జగదీశన్నా?"

"దొంగలకు అస్సలే రాదు. నాకైతే వారంల మూడు రోజులు వస్తది," అనేవాడాయన చెమట తుడుచుకుంటూ. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన అందరికంటే ముందు నవ్వేవాడు.

ఆ నవ్వు ఒక్క మనిషికి గిట్టేది కాదు. ఆమె ఆయన చెల్లెలు కన్యక.

కన్యకను కుకునూరుపల్లిలో ఇచ్చారు. హైదరాబాదు రోడ్డు మీద ఊరు. భర్త భూపతికి అక్కడ కిరాణా దుకాణం. మనిషి నెమ్మది. నెమ్మది లేనిది ఆయన తల్లి కాంతమ్మ. తల్లీ తండ్రీ పోయాక కన్యకకు పుట్టిల్లంటే అన్నా వదినలే. ఆ ఇద్దరు ఎప్పుడు వస్తారు, ఏం తెస్తారు అన్నది కాంతమ్మ ఎంతో శ్రద్ధగా గమనించేది. అంతకు ముందు కన్యక కొడుకు పుట్టు వెంట్రుకలప్పుడు జగదీశ్వర్ ఎక్కిన బస్సు దుద్దెడ దగ్గర ఆగిపోయింది. ఆయన చేరేసరికి చుట్టాలు చేతులు కడుక్కుంటున్నారు. ఆయన ఊరుకున్నా పోయేది. విస్తళ్ళ వైపు చూసి, "నేను ఎచ్చులకు పోయి పొద్దుగాలనే వస్తే వంటోళ్ళకు తొందర అయితదని, నిదానంగ వచ్చిన," అన్నాడు. పందిరంతా నవ్వింది. కాంతమ్మ కూడా నవ్వింది. నవ్వి, ఆ మాటను జాగ్రత్తగా మడిచి దాచుకుంది. ఆ తర్వాత కోడలి పని ఏది ఆలస్యమైనా తీసి చూపించేది: "తొందరేమున్నది తల్లీ, మీ అన్నోలె నిదానంగనే రా."

కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. శ్రావణమాసంలో గృహప్రవేశం. ఆ సంగతి చెప్పడానికి కన్యక సిద్దిపేట వచ్చింది. వదిన ప్రమీలాదేవి చాయ్ ఇస్తే తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"అన్నా, కొత్తింట్లకు పోతుంటే ఒడిబియ్యం నువ్వే తేవాలె. నీకు తెల్వదా?"

"తెల్వకేంది? తెస్త. ఎడ్లబండి కట్టుకోని, డప్పులతోటి..."

"గిదే వద్దనేది!" కన్యక గ్లాసు కింద పెట్టింది. "నీ మీద నువ్వే నవ్విచ్చుకోని ఇంటికొస్తవ్. ఆడ నవ్వుల పాలయ్యేది నేను. ఒక్కపారన్న యాళ్ళకు రా. నా ఒడి ఖాళీగుంటే మా అత్త సచ్చేదాక చెప్తది. ఆమెకిప్పట్ల చావు లేదు."

జగదీశ్వర్‌కు నోట్లోకి ఒక మంచి మాట వచ్చింది గానీ, చెల్లెలి మొహం చూసి మింగేశాడు. అది మింగడం ఆయనకు అలవాటు లేని పని కాబట్టి పొలమారింది.

ఒడిబియ్యం గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళున్నారు. పుట్టింటి అనురాగమనీ, తోబుట్టువుల మమకారమనీ. ఉంటే ఉండవచ్చు. బయటికి కనిపించేది మాత్రం హాజరు తీసుకోవడం. ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం పుట్టింటివాళ్ళు దోసిళ్ళతో ఆమె ఒడిలో పోస్తారు. కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవికె బట్ట, చీర పెడతారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చీర అంచు ఎంత వెడల్పుందో కళ్ళతోనే కొలుస్తారు. ఆ కొలతను బట్టి ఆ ఇంట్లో కోడలి మాట ఎంత దూరం చెల్లుతుందో నిర్ణయం అవుతుంది. ఈ పద్ధతి బాగుందా లేదా అని జగదీశ్వర్‌ను ఎవరూ అడగలేదు. ఆయన వేళకు వెళ్ళాలి. అంతే.

ఆ రోజు తెల్లవారుతూనే సన్నగా తుంపర మొదలైంది. ప్రమీలాదేవి బియ్యానికి పసుపు కలిపి, కొత్త గుడ్డసంచిలో పోసి, మూతి కట్టింది. మిగతావన్నీ ఒక కవరులో పెట్టింది.

"బస్సుల పోదాం. సంచి నా ఒళ్ళె పెట్టుకుంట."

"బస్సునే కద నమ్ముకోని పోయినసారి ఇజ్జత్ పోగొట్టుకున్నది? బండి మీదైతే మన చేతులుంటది."

"మరి వానలో బియ్యం?"

"డబ్బాల పెడ్త. చుక్క నీరు పోదు. వాటర్‌ప్రూఫ్."

"ఎడమ దాంట్ల పెట్టు."

"దాంట్ల టూరింగు సామానున్నది."

ఎడమ డబ్బాలో ఏముందో ప్రమీలాదేవికి తెలుసు. పానాల కట్ట, పంచరు డబ్బా, గాలి పంపు, చక్రానికి కావలసిన అదనపు స్పోకు పుల్లలు, చిన్న కిరసనాయిలు స్టవ్వు, మంకీ క్యాపు. అవన్నీ కాశ్మీరు కోసం. కుకునూరుపల్లికి మంకీ క్యాపు ఎందుకని ఆమె అడగలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక కొన్ని అడగరు. కుడి డబ్బా ఆ పొద్దున ఎంత మర్యాదగా తెరుచుకుందంటే, జగదీశ్వర్ భార్య వైపు గర్వంగా చూశాడు. బియ్యం సంచి అడుగున పెట్టాడు. దాని మీద చీర కవరు పెట్టాడు. తలుపు మూసి పిడి తిప్పాడు. లోపల ఊచలు టక్కుమని పడ్డాయి.

అంత గట్టి చప్పుడు అంతకు ముందెప్పుడూ వినలేదని ఆయనకు తర్వాత గుర్తుకొచ్చింది.

వేళకే చేరారు. వేళకు కూడా కాదు, ముందే చేరారు. ఆవును అప్పుడే కొత్త ఇంట్లోకి తోలుకెళ్తున్నారు. కాంతమ్మ గడప దగ్గర నిలబడి చూసి, "ఓయ్, గింత పొద్దుగాలనా? అందుకే వాన పడ్తుంది," అంది.

"మీరు మొక్కుకున్నరని పడ్తుందేమో అనుకున్న, అత్తమ్మా," అన్నాడు జగదీశ్వర్. కాంతమ్మ ఆవు వెనకాల లోపలికి నడిచింది. కన్యక వాకిట్లోంచే అన్న వైపు చూసి నవ్వింది. ఆయన మీద ఆమె అలా నవ్వి చాలా రోజులైంది.

పాలు పొంగాయి. పూజ చేయించిన అయ్యగారు, ఒడిబియ్యం పన్నెండు గంటల లోపే కావాలని, ఆ తర్వాత వర్జ్యమని చెప్పి, అటుకుల మూట చంకన పెట్టుకుని మరో ఊరి గృహప్రవేశానికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళినా ఆయన చెప్పిన గడువు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నట్టింట్లో ముగ్గేసి పీట వేశారు. కన్యక పట్టుచీర కట్టుకుని తూర్పుకు తిరిగి కూర్చుంది. కొంగు ఒడిలో పరిచింది. ఊళ్ళోని ఆడవాళ్ళు గోడల వెంట సర్దుకున్నారు.

"తెండ్రి ఇగ బియ్యం," అంది కాంతమ్మ.

జగదీశ్వర్ వాకిట్లోకి వెళ్ళాడు. మోకాలితో నొక్కాడు. పిడి లేపాడు. తిప్పాడు. చరిచాడు. డబ్బా ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. మళ్ళీ చేశాడు. కుడి మోకాలు మార్చి చేశాడు. తిట్టాడు. లోపల వానకు నానిన ఊచలు బిగుసుకుపోయినట్టున్నాయి. పిడి సగం తిరిగి ఆగిపోతోంది.

ప్రమీలాదేవి బయటికొచ్చి చూసింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. ఆమె ఏదైనా అంటే బాగుండుననిపించింది ఆయనకు.

కాసేపటికి మగవాళ్ళంతా బండి చుట్టూ చేరారు. ఇనుము ముందర నిలబడ్డ మగవాడికి తెలియని విద్య ఉండదు.

"కిరసనాయిలు పొయ్యిన్రి."

"బండిని ఓ పక్కకు వంచిన్రి, ఊచ జారుతది."

"స్టార్ట్ చేసి ఇంజను గుంజిన్రి, అదురుకు ఊడుతది."

అన్నీ చేశారు. కిరసనాయిలు పోశారు. స్టవ్వులోదే. వంచారు. ఇంజను మోతకు పొయ్యి దగ్గరున్న ఆవుదూడ తాడు తెంపుకుని పరుగెత్తింది. డబ్బా మాత్రం రాజమల్లయ్య మాట నిలబెట్టింది. దొంగవాడు తలకాయ కొట్టుకోవాలన్నాడు కదా, ఇప్పుడా దొంగవాడు జగదీశ్వరే.

భూపతి లోపలికెళ్ళి గడ్డపార తెచ్చాడు. "బావా, డబ్బ పోతే పోయింది. కొట్టనా?"

"కొట్టు బావా."

తలుపు సందులో గడ్డపార మొన పెట్టి భూపతి బలంగా లాగాడు. తలుపు రాలేదు. పిడి విరిగి వచ్చి ఆయన చేతిలో పడింది. ఇప్పుడిక డబ్బాకు తిప్పడానికి కూడా ఏమీ లేదు. నున్నగా, మూసిన నోరులా ఉంది.

"నీ పానాలున్నయి కద, డబ్బనే బండికెళ్ళి ఇప్పుదాం," అన్నాడు భూపతి.

"మల్లన్న వెల్డింగు చేసిండు బావా. దొంగోడు డబ్బతోటే ఎత్కపోతడట."

భూపతి రోడ్డు మీది వెల్డింగు షాపు వైపు చూశాడు. షట్టరు సగం దించి ఉంది. ఉదయం నుంచీ ఊళ్ళో కరెంటు లేదు.

వాకిట్లోకి కాంతమ్మ వచ్చింది. ఆమె వెనకాల మరో నలుగురు.

"ఏమైంది? తల్లిగారింటి బియ్యం తలుపేసుకున్నయా?"

"అమ్మా, మన దుకాణంలకెళ్ళి ఐదు సేర్లు తెస్త. పసుపు కలుపుతె అయిపాయె," అన్నాడు భూపతి.

"మన బియ్యం మనకే పోసుకోవాల్నా? గట్లైతే తల్లిగారిల్లెందుకు? నేనే పోస్త!" కాంతమ్మ గొంతు నట్టింటి దాకా వినిపించింది. "తెచ్చిన బియ్యం ఎనకకు కొంటవోతరా ఇగ? ఒడిబియ్యం తిరిగి పోంగ నేనింతవరకు చూడలే. అదిగూడ చూస్త."

చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల మీద నవ్వు సిద్ధంగా ఉంది. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. జగదీశ్వర్‌కు మాట తయారుగానే ఉంది. 'మా చెల్లెకు బియ్యం బీరువాల పెట్టిచ్చిన, తాళం కాశ్మీరులున్నది.' అది అంటే అందరూ కడుపుబ్బ నవ్వుతారు. ఆయన తేలికపడతాడు. భోజనం చేసి ఇంటికెళ్తాడు.

నోరు తెరిచి, తలుపులోంచి లోపలికి చూశాడు. కన్యక పీట మీద అలాగే కూర్చుని ఉంది. ఒడిలో పరిచిన ఖాళీ కొంగు రెండు చేతులతో పట్టుకుని, దాన్నే చూస్తోంది. తలెత్తడం లేదు. అన్న ఏమంటాడో వినడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా ఉంది. ఆ మాట రేపటి నుంచి ఈ ఇంట్లో రోజూ వినబోయేది ఆమే.

జగదీశ్వర్ నోరు మూసుకున్నాడు. తల దించుకున్నాడు. అలా దించుకున్నందుకే కనిపించింది. కొత్తగా అలికిన వాకిట్లో, డబ్బా కింద, పసుపుపచ్చ చుక్క ఒకటి. చూస్తుండగానే పక్కన ఇంకోటి పడింది.

వంగి చూశాడు. చుక్క నీరు పోదని తను గొప్పలు చెప్పిన డబ్బాలోకి పొద్దుటి తుంపర హాయిగా వెళ్ళింది. పసుపులో కలిసింది. అడుగున రంధ్రానికి పెట్టిన సైకిలు ట్యూబు ముక్క పక్కనుంచి బయటికొస్తోంది.

"బావా, బండిని లోపలికి తోయాలె," అన్నాడు.

"యాడికి?"

"నట్టింట్లకు. చెల్లె పీట కాడికి."

"ఆవు తొక్కిన కడప మీదికెళ్ళి మోటరు సైకిలా!" కాంతమ్మ అడ్డం వచ్చింది.

"అత్తమ్మా, ఆవేమన్న బియ్యం తెచ్చిందా? ఇది తెచ్చింది. జరుగున్రి."

ఇన్నేళ్ళలో జగదీశ్వర్ అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడలేదు. కాంతమ్మ జరిగింది. గడప మీద పలక వేసి నలుగురు బండిని లోపలికి తోశారు. కొత్త బండల మీద టైరు మరకలు పడ్డాయి, ఇంజను ఆయిలు రెండు బొట్లు కారింది. గోడ దగ్గరున్న ఒకామె, ఏది వచ్చినా పూజే అనుకునే అలవాటు కొద్దీ, బండి దీపానికి బొట్టు పెట్టింది. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టారు. పీటను వెనక చక్రం పక్కకు జరిపారు. డబ్బా అడుగు సరిగ్గా కన్యక ఒడి మీదికి వచ్చింది.

"అన్నా, ఏం జేస్తున్నవే?" అంది కన్యక గుసగుసగా.

"నువ్వు కొంగు మంచిగ పట్టుకో."

ఎడమ డబ్బా తెరిచాడు. పెద్దమనిషి మూలగకుండా తెరుచుకున్నాడు. కాశ్మీరులో చక్రం పుల్ల విరిగితే వేయడానికని దాచిన పుల్లల్లోంచి ఒకటి తీశాడు. బండల మీద వెల్లకిలా పడుకుని, తల చెల్లెలి పీట దగ్గర పెట్టి, ట్యూబు ముక్క లాగేశాడు. మొహం మీద పసుపునీళ్ళు కారాయి. ప్రమీలాదేవి అడగకుండానే వచ్చి, పక్కన కూర్చుని, రంధ్రం కింద దోసిలి పట్టింది.

పుల్ల లోపలికి పెట్టి పొడిచాడు. సంచి తగిలింది. ఇంకా గట్టిగా పొడిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ పొడిచి, గుండ్రంగా తిప్పాడు. గుడ్డ చిరిగి, తడిసిన బియ్యం ఉండ ఒకటి దబ్బున ప్రమీలాదేవి చేతుల్లో పడింది. ఆ వెనకే సన్నగా, తర్వాత ధారగా, పొడి బియ్యం దిగింది.

"వచ్చినయి!" అంది గోడ దగ్గరి ఆమె. ఎవరో చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో వాళ్ళకూ తెలియదు.

ప్రమీలాదేవి దోసిలి నిండిందల్లా ఒడిలో వంచింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ వంచింది. ఇద్దరు కలిసి పోయాల్సిన బియ్యం నిజంగా ఇద్దరే పోశారు. ఒకరు పొడిచి, ఒకరు పట్టి. పన్నెండు కాకముందే ఐదు దోసిళ్ళతో ఆచారం సరిపోయింది. ఆచారం సరిపోయిన సంగతి డబ్బాకు తెలియదు. ధార ఆగలేదు.

"ఇగ చాలు," అంది ప్రమీలాదేవి.

"ఎట్ల ఆపాలె?" అన్నాడు జగదీశ్వర్ కింద నుంచి. బొటనవేలు పెట్టి చూశాడు. పక్కల నుంచి కారి కళ్ళల్లో పడ్డాయి. ట్యూబు ముక్క కోసం తడిమాడు. అది ఎవరి కాళ్ళ కిందికో వెళ్ళిపోయింది.

కన్యక కొంగు నిండింది. అంచులు దాటింది. పసుపు బియ్యం బండల మీదికి జారుతోంది. పుట్టింటి బియ్యం నేల మీద పడడం, దాన్ని జనం తొక్కడం కాంతమ్మ కళ్ళెదుట జరగడానికి వీల్లేదు. ఆమె అత్త కావచ్చు గానీ అంతకు ముందు నుంచీ గింజ పారేయని మనిషి.

"ఓ పిల్లా, పడ్తున్నయి, పడ్తున్నయి! జరుగు!" అంటూ వచ్చి కోడలి పక్కన చతికిలబడి, తన కొంగు పరిచింది.

సంచిలో మిగిలిందంతా ఆమె ఒడిలో పడింది. ఆఖరి గింజలు ఒకటొకటిగా రాలి ఆగిపోయాయి. అప్పుడు గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ కాంతమ్మ భర్త సిద్ధిరాములు, ఉదయం నుంచీ ఒక్క మాట మాట్లాడని ముసలాయన, నెమ్మదిగా అన్నాడు:

"ఏమే, నీగ్గూడ పోసిన్రా ఒడిబియ్యం?"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాంతమ్మ తన ఒడిలోకి చూసుకుంది. ఆమెకు ఒడిబియ్యం పోసేవాళ్ళు లేక చాలా కాలమైంది. ఉన్న ఒక్క తమ్ముడు పోయాడు. ఆ సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బియ్యం ఒడిలో పడ్డాక లేచి దులుపుకోకూడదు. దులుపుకోవాలని ఆమెకూ ఉన్నట్టు లేదు. పసుపు అంటిన వేళ్ళతో కొంగు కొసలు దగ్గరికి తీసి, ముడి వేసి, నడుముకు దోపుకుంది.

కింద పడుకున్న జగదీశ్వర్ కళ్ళల్లోంచి బియ్యపు గింజ తీసుకుంటూ లేవబోయాడు. లేస్తూ సైలెన్సరుకు తల కొట్టుకున్నాడు. ఈసారి అందరూ నవ్వారు. కన్యకే ముందు నవ్వింది.

"నవ్వుడు సరే," అంది కాంతమ్మ. పాత గొంతు తిరిగొచ్చింది గానీ, ఏదో తేడా ఉంది. "ఒడిబియ్యం పోసినోళ్ళు చీర పెట్టాలె కద. చీరేది?"

"డబ్బాలున్నది, అత్తమ్మా."

"మా కోడలి చీర డబ్బాలున్నదయ్యా, సరే. నాదో?"

జగదీశ్వర్ ప్రమీలాదేవి వైపు చూశాడు. ప్రమీలాదేవి బొట్టున్న బండి దీపం వైపు చూసింది.

అక్కడున్నంతసేపూ చీర డబ్బాలోంచి రాలేదు. భోజనాలయ్యాక తిరిగి వస్తుంటే, దుద్దెడ దాటాక ఒక గుంతలో బండి పడింది. కుడి డబ్బా తలుపు పిడి లేకుండానే టక్కున తెరుచుకుంది. చీర కవరు రోడ్డు మీద పడింది. వెనక వచ్చే బస్సులోంచి ఎవరో కేకేశారు. జగదీశ్వర్ బండి దిగి, కవరు తీసుకుని, తుడిచి, భార్య ఒళ్ళో పెట్టాడు.

"నీ ఒళ్ళెనే పెట్టుకో," అన్నాడు.

"పొద్దున గదే కద నేను మొత్తుకున్నది," అంది ప్రమీలాదేవి. ఆ రోజంతటిలో ఆమె ఆయన్ను దెప్పిన మాట అదొక్కటే.

తర్వాతి వారం ఇద్దరూ రెండు చీరలు తీసుకుని కుకునూరుపల్లి వెళ్ళారు. బస్సులో వెళ్ళారు. బస్సు ఆలస్యమైంది. కాంతమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. 'నిదానంగ' అన్న మాట ఆమె నోటి దాకా వచ్చింది. చీర అంచు చూసింది. "బస్సులు గట్లనే ఉన్నయి ఈ మధ్య," అని లోపలికి తీసుకెళ్ళింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరింటికి ఒడిబియ్యం వచ్చినా కాంతమ్మ వెళ్ళి చూసి వచ్చేది. "ఐదు దోసిళ్ళేనా? మా కోడలి తల్లిగారింటోళ్ళు బండితోటి నట్టింట్లకొచ్చి పోసిన్రు. ఆపుదామన్నా ఆగలే," అని పెదవి విరిచేది. అది కోడలిని పొగడటమో పక్కింటివాళ్ళను తక్కువ చేయడమో చెప్పడం కష్టం. కన్యక మాత్రం తేడా అడగలేదు. ఆమెకు ఇంట్లో నోరు లేచింది. అది చాలు.

రాజమల్లయ్య విరిగిన పిడి చూసి బాధపడ్డాడు. "గడ్డపారకు గూడ రాలేదా?" అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. కొత్త పిడి వేస్తానన్నాడు. జగదీశ్వర్ వద్దని, డబ్బాకు గుడ్డ తాడు కట్టుకున్నాడు.

దుకాణంలో పటం అలాగే ఉంది. ఎర్ర గీత కాశ్మీరు దాకా ఉంది. కొన్నాళ్ళకు దాని మీద సిద్దిపేట నుంచి కిందికి చిన్న గీత ఒకటి కొత్తగా చేరింది. పసుపు రంగుది, వేలు పొడవు కూడా లేదు. ఇదెక్కడికని ఎవరైనా అడిగితే జగదీశ్వర్ చెప్పేవాడు.

"నేను పూర్తి చేసిన టూరు. అత్తగారింటికి కాదు, చెల్లె అత్తగారింటికి. ఇప్పుడు ప్రతి ఏడు రెండు చీరలు పడుతున్నయి. కాశ్మీరు టూరే అగ్గువల అయిపోతుండె."

విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆయన అందరికంటే ముందు నవ్వేవాడు కాదు. వాళ్ళు నవ్వాక, ఎవరైనా చెల్లెలి గురించి మాట తూలుతారేమోనని ఒక్క క్షణం ఆగి చూసి, అప్పుడు నవ్వేవాడు.